డానియేలు సారుకు మంచినీళ్లు

ఆ రోజు పొద్దున సీతారాం వేసుకున్న పథకం చాలా చిన్నది. స్నానం, పూజ, ఉప్మా. తర్వాత నీళ్ల ఆఫీసుకు పోయి ఇంజనీరు బల్ల మీద ఒక సీసా పెట్టి, "తాగుండ్రి సార్!" అని గర్జించడం. ఆయన తెల్లమొహం వేయడం. మధ్యాహ్నం బేరాల వేళకల్లా లాడ్ బజార్‌లో దుకాణం తెరిచి గల్లా ముందు కూర్చోవడం. విప్లవానికీ వ్యాపారానికీ మధ్య ఒక్క ఆటో ప్రయాణం చాలని అతని అంచనా.

సీతారాంవాళ్లది తాతల నాటి నుంచి లక్క గాజుల వ్యాపారం. ఇల్లు మొఘల్‌పురాలో, రెండు ఆటోలు ఎదురుపడితే ఒకటి బతిమాలించుకుని వెనక్కి పోవాల్సిన గల్లీలో. కొందరికి యాభై దాటాక షుగరు పట్టుకున్నట్టు, అతనికి ప్రజాసేవ పట్టుకుంది. అంతకుముందు ఒకసారి గల్లీ మలుపులో గుంత పడితే, నిరసనగా అందులో కానుగ మొక్క నాటి ఫొటో దిగాడు. రుక్మాబాయి బర్రె వచ్చి ఆ మొక్కను తినేసి, అదే గుంతలో కాలు విరగ్గొట్టుకోబోయింది. రుక్మాబాయి చాలా రోజులు అతనితో మాట్లాడలేదు. పాలు మాత్రం మానకుండా పోసింది, కొంచెం పల్చగా.

అయితే ఈసారి సంగతి నవ్వులాట కాదు. ఎవరో దేనికోసమో రోడ్డు తవ్వి పూడ్చిన దగ్గర్నుంచి నల్లాలో పసుపుపచ్చ నీళ్లు వస్తున్నాయి. బిందె మూత తీస్తే మురుగు మోరీ వాసన. కొనగలిగినవాళ్లు నీళ్ల క్యాన్లు కొనుక్కుంటున్నారు, చేతిలో ఆడని రోజు ఆ నీళ్లే కాచుకుని తాగుతున్నారు. రుక్మాబాయి మనవరాలు స్వీటీకి కామెర్లు వచ్చి, బడి మానేసి మంచం పట్టింది. దానిమ్మపండు ఇద్దామని పోయిన సీతారాం, ఆ పిల్ల పచ్చటి కళ్లు చూసి ఇంటికొచ్చాక అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు.

ఆ సాయంత్రమే పోరాట సమితి పుట్టింది. సీతారాం అధ్యక్షుడు. ఎదురింట్లో మిక్సీలు బాగుచేసే జహంగీర్ భాయ్ ఉపాధ్యక్షుడు. స్వీటీ తండ్రి అంజన్, రుక్మాబాయి కొడుకు, పొద్దున పాలు పోసి పగలంతా ఖాళీగా ఉంటాడు కాబట్టి కార్యదర్శి. డిగ్రీ చదువుతున్న సీతారాం కూతురు స్రవ్యకు ఫొటోలు తీసి ఫోన్లో పెట్టే బాధ్యత. కోశాధికారి పదవి ఎవరూ తీసుకోలేదు, కోశం లేదు గనక.

పథకం వేసుకున్న రోజు నల్లా వచ్చిన వేళకే లేచి సీతారాం ఆ పసుపు నీళ్లను ఒక గాజు సీసాలో పట్టాడు. ఎండాకాలంలో షర్బత్ పోసుకునే సీసా అది. ఊరికే తీసుకుపోతే రక్తి కట్టదనిపించింది. దుకాణం నుంచి తెచ్చిన ఎర్ర మఖ్మల్ గుడ్డ చుట్టాడు. ఆఫీసులో అందరూ చూస్తుండగా ఆ ముసుగు లాగేయాలి. సీసాను వంటింటి గట్టు మీద పెట్టి, పడకగదిలో అద్దం ముందు నిలబడి గర్జన సాధన చేశాడు. భార్య విజయలక్ష్మికి వినపడితే కానుగ మొక్క సంగతి మళ్లీ తవ్వుతుందని భయం. కాబట్టి గొంతు తగ్గించి గర్జించాడు.

"తాగుండ్రి సార్. మా ఇంటి నీళ్లు. ఒక్క గుక్క తాగుండ్రి సార్."

గొంతు తగ్గించిన గర్జన అచ్చం బతిమాలినట్టే ఉంటుందని అతనికి తట్టలేదు.

స్నానం చేసి వచ్చేసరికి సీసా గట్టు మీదే ఉంది. మఖ్మల్ గుడ్డ తాను చుట్టినదానికంటే నీటుగా ఉందనిపించింది గానీ, ఆవేశంలో ఉన్న మనిషి అలాంటివి పట్టించుకోడు.

"యాడికి?" అంది విజయలక్ష్మి.

"నీళ్లాఫీసుల కొత్త ఇంజనీరు వచ్చిండంట. కలిసి మాట్లాడొస్త."

"మంచిగ మాట్లాడుండ్రి. లొల్లి పెట్టుకోకుండ్రి" అని, ఎందుకో నవ్వింది.

ఇంజనీరు డానియేలు సారు బొద్దుగా, మెల్లగా మాట్లాడే మనిషి. ఈ ఆఫీసుకు బదిలీ అయి ఇంకా బల్ల సొరుగులు కూడా సర్దుకోలేదు. పైగా ఆ పొద్దున్నే ఆయన గదిలో నీళ్ల క్యాను అయిపోయింది. కొత్త క్యాను తెస్తానని పోయిన మనిషి తిరిగి రాలేదు. నాలుక పిడచగట్టుకుపోయి కూర్చున్న సమయంలో నలుగురు మనుషులు లోపలికొచ్చారు. ముందున్నవాడి చేతిలో ఎర్ర గుడ్డ చుట్టిన సీసా ఉంది.

స్రవ్య ఫోను పైకెత్తింది. పోస్టు ఆమె ఆటోలోనే రాసి పెట్టుకుంది. నీళ్ల శాఖ పెద్దాఫీసు నుంచి మంత్రిగారి పేషీ దాకా ఎవరెవరికి చేరాలో అన్ని పేర్లూ జత చేసింది. ఇంక ఫొటో పెట్టి నొక్కడమే తరువాయి.

"సార్!" అన్నాడు సీతారాం. ఈసారి గొంతు తగ్గించలేదు. "మా గల్లీల జనం ఏం తాగుతుండ్రో మీరు చూడాలె. చూసుడు గాదు, తాగాలె. ఇగో, తాగుండ్రి సార్! మా ఇంటి నీళ్లు!"

ముసుగు లాగాడు.

కిటికీలోంచి పడుతున్న ఎండలో సీసా తళుక్కుమంది. లోపల నీళ్లు అవతలి గోడ మీది క్యాలెండరులో తారీఖు చదువుకునేంత తేటగా ఉన్నాయి. అడుగున రెండు పచ్చటి ఏలకులు మెల్లగా తిరుగుతున్నాయి.

జహంగీర్ భాయ్ వంగి చూశాడు. "సీతారాం భాయ్, యే క్యా హై?" అన్నాడు చెవిలో.

అది తెలిస్తే సీతారాం చెప్పకపోయేవాడా? కానీ అధ్యక్షుడు నోరు తెరిచాక మూయకూడదు. "చూసేతందుకు గిట్లనే ఉంటయ్ సార్! తాగితే ఎర్కయితది అసలు సంగతి!"

డానియేలు సారు తాగాడు. ఒక గుక్క తాగి ఆగాడు. ఆగి సీతారాం మొహంలోకి చూశాడు. తర్వాత సీసా ఎత్తిపట్టి సగం ఖాళీ చేశాడు.

"అబ్బ" అన్నాడు. "పటిక బెల్లం కూడా వేశారా?"

"పటిక బెల్లమా?" అన్నాడు సీతారాం, తాను అడగాల్సిన ప్రశ్న ఆయన అడిగినందుకు బిత్తరపోయి.

"నిజంగా ఇవి నల్లా నీళ్లేనా అండీ?"

"నల్లా నీళ్లే సార్. పొద్దుగాల నేనే పట్టిన."

"మరి ఈ ఏలకులు?"

సీతారాం చేతిలోని మఖ్మల్ గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. అధ్యక్షుడు ఇరుకున పడితే ఆదుకోవాలని ఆటోలో అనుకున్న మాట అంజన్‌కు గుర్తొచ్చింది. ఒక అడుగు ముందుకేసి గట్టిగా అన్నాడు: "గవి పైపుల కెల్లి వచ్చినయ్ సార్!"

డానియేలు సారు సీసాను బల్ల మీద పెట్టాడు.

"చూడండి బాబూ," అన్నాడు ఆయన నిదానంగా, "మీ పైపుల్లో ఏలకులొస్తుంటే నా దగ్గరికెందుకొచ్చారండీ? మా ఇంటి నల్లాలో ఉప్పు కూడా రాదు."

సీతారాంకు ఒళ్లు మండింది. ఎవరి మీదో తెలియక అది ఆయన మీదికే పోయింది. "సార్, మా గల్లీకి రాండ్రి. కండ్లారా చూడుండ్రి. ఇప్పుడే రాండ్రి!"

అధికారులు ఇలాంటి మాటకు "చూద్దాం" అంటారు. ఆ ధైర్యంతోనే సీతారాం ఆ మాట అన్నాడు. కానీ డానియేలు సారు కొత్తగా వచ్చిన మనిషి, పైగా దాహం తీరిన మనిషి. "పదండి" అని లేచాడు.

జీపు వెనక ఆటోలో వస్తూ అంజన్ తల్లికి ఫోను చేశాడు. "అమ్మా, పెద్దసారు మన గల్లీకి వస్తుండు. అందరికి చెప్పు. జల్ది." ఎందుకొస్తున్నాడో చెప్పేలోపు ఫోనులో చార్జింగ్ అయిపోయింది.

మొఘల్‌పురావాళ్లకు పెద్దమనిషి ఇంటికి వస్తున్నాడని చెబితే చాలు, ఎందుకని అడగరు. జీపు గల్లీ మొదట్లో ఆగేసరికి నేల ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గులు పెట్టి ఉన్నాయి. మోరీ మీద బండలు సర్ది, వాటి మీద పూలకుండీలు పెట్టారు. ప్రతి గుమ్మంలోనూ ఉన్నంతలో మంచి బట్టలు కట్టుకుని మనుషులు నిలబడ్డారు. విజయలక్ష్మి పట్టుచీరలో ఉంది. సీతారాం ఆమెను అలా చివరిసారి చూసింది మరదలి పెళ్లిలో.

"చాలా పరిశుభ్రంగా ఉందండీ మీ గల్లీ" అన్నాడు డానియేలు సారు.

"రోజు గిట్ల ఉండదు సార్!" అన్నాడు సీతారాం. ఆ మాటకు జనమంతా అతనివైపు కోపంగా చూశారు.

ముందుగా గల్లీ నల్లా తిప్పి చూపించాడు. నీళ్లు వచ్చేది తెల్లవారుజామున, అదీ దినం విడిచి దినం. నల్లా కాసేపు బుస్సుమని ఊరుకుంది. డానియేలు సారు దాని కింద చెయ్యి పెట్టి చూశాడు. "గాలి మాత్రం స్వచ్ఛంగానే ఉంది" అన్నాడు.

"పట్టిపెట్టిన నీళ్లున్నయ్ సార్. జహంగీర్ భాయ్ ఇంట్ల డ్రమ్ము నిండ ఉన్నయ్. చూస్తే కడుపుల తిప్పుతది" అని సీతారాం ఆయన్ను ఎదురింటికి లాక్కుపోయాడు. డ్రమ్ము ఉండాల్సిన చోట గులాబీల దుప్పటి కప్పిన గుండ్రటి బల్ల లాంటిది ఏదో ఉంది. దాని మీద ట్రే, ట్రేలో గులాబీ షర్బత్ గ్లాసులు, పైన తేలుతూ సబ్జా గింజలు.

"జహంగీర్ భాయ్! డ్రమ్ము చూపియ్!" అన్నాడు సీతారాం పళ్ల బిగువున.

ఆఫీసులో ఉపాధ్యక్షుడిగా ఉన్న జహంగీర్ భాయ్ తన గడప దాటేసరికి ఇంటియజమాని అయిపోయాడు. "ఇంటికొచ్చిన మెహమాన్‌కు డ్రమ్ము చూపిస్తమా భాయ్? గది తమీజేనా, మర్యాదేనా?" అని గొణిగి, "లీజియే సాబ్, లీజియే" అంటూ గ్లాసు చేతికిచ్చాడు.

అక్కడి నుంచి ప్రతి ఇంట్లోనూ అదే వరస. సారు "మీరు తాగే నీళ్లు కొంచెం చూపించండి" అని అడగడం, లోపలివాళ్లు గభాలున క్యాను వంచి, అతిథులకోసం దాచిన స్టీలు గ్లాసును కొంగుతో తుడిచి ఇవ్వడం. ఒకరు నిమ్మకాయ పిండారు. ఒకరు ఐసు తెప్పించారు. సీతారాం వెనకనే పరుగెత్తుతూ, "సార్, ఇవి కొన్న నీళ్లు సార్! నల్లావి గావు!" అని మొత్తుకుంటున్నాడు. అరవడం ఎక్కువయ్యేకొద్దీ ఆయన అతన్ని జాలిగా చూడసాగాడు.

రుక్మాబాయి గుమ్మం దగ్గర సీతారాంకు ఆశ పుట్టింది. మనవరాలు మంచాన ఉన్న ఇల్లు, ఆమె అయినా ఉన్నమాట చెబుతుంది. రుక్మాబాయి చెప్పడానికి నోరు తెరిచింది కూడా. కానీ ఎండలో చెమట కారుతున్న సారును చూసి ఆ నోటితోనే, "ఎంత గనం అలిసిపోయినవ్ బిడ్డా, కూసో" అని, పెద్ద గ్లాసు నిండా మీగడ తేలే లస్సీ తెచ్చింది.

"అమ్మా, స్వీటీ సంగతి చెప్పు" అన్నాడు అంజన్.

"తాగనియ్‌రా. మనిషి గుటక మింగుతుంటె రోగాల ముచ్చట చెప్తరా ఎవలన్న?"

"సుశీలమ్మక్కా, నువ్వన్న చెప్పు!" సీతారాం పక్కింటి ఆవిడను బతిమాలాడు. ఆమె సారు కోసం పల్లీల గిన్నె పట్టుకుని వరసలో నిలబడి ఉంది. మొహం పక్కకు తిప్పుకుంది.

చివరికి సీతారాం ఇల్లే మిగిలింది. సారును కూర్చోబెట్టి అతను వంటింట్లోకి దూసుకుపోయాడు. గట్టు మీద ఏలకుల డబ్బా, దాని పక్కనే పటిక బెల్లం.

"విజయా! గా సీసల నీళ్లు ఏం జేసినవ్?"

"పారబోసిన. కంపు కొడుతుండె. సీస గడిగి, ఫిల్టరు నీళ్లు పోసి, రెండు ఇలాచీలు ఏసిన."

"ఎందుకేసినవ్?"

"మీరే గదా అద్దం ముంగట నిలబడి, తాగుండ్రి సార్, మా ఇంటి నీళ్లు తాగుండ్రి అని బతిమాలుతుంటిరి. పెద్దసారుకు తాగనీకి తీస్కపోతుండ్రనుకున్న. వట్టి నీళ్లేం బాగుంటయ్ అని..." ఆమె ఆగి, భర్త మొహం చూసింది. "ఏందండి? తియ్యగ లేకుండెనా?"

సీతారాంకు కూర్చోవాలనిపించింది. వంటింట్లో కుర్చీ లేదు. గోడకు ఆనుకున్నాడు. తన ఉద్యమాన్ని ఏ రాజకీయ నాయకుడో, ఏ కాంట్రాక్టరో కొట్టలేదు. రెండు ఏలకులు కొట్టాయి.

అంతటితో ఆగినా బాగుండేది. ఇంటికి మొదటిసారి వచ్చిన మనిషిని ఒట్టి చేతులతో పంపడం విజయలక్ష్మికి అలవాటు లేదు. సారు లేవగానే ఎర్ర డబ్బాలో లక్క గాజుల సెట్టు తీసుకొచ్చింది. "మేడంకు. సైజు ఎంత సార్?"

డానియేలు సారు కంగారుపడ్డాడు. వద్దన్నాడు. గల్లీ అంతా "తీస్కోండ్రి సార్" అంది. వద్దంటే వీళ్ల మనసు కష్టపెట్టుకుంటారేమోనని భార్యకు ఫోను చేశాడు. పక్కన నిలబడ్డవాళ్లకు కూడా అవతలి గొంతు వినపడింది. "గాజులా? ఎవరి చేతికండీ?" ఆయన గబగబా ఫోను కట్టేసి, విజయలక్ష్మి చేతివైపు చూసి, "సుమారు ఇంతే ఉంటుందండీ" అన్నాడు.

"మీరియ్యుండ్రి" అని విజయలక్ష్మి డబ్బాను భర్త చేతిలో పెట్టింది. సీతారాం ఇచ్చాడు. అందరూ నవ్వారు కాబట్టి తనూ నవ్వాడు. స్రవ్య ఫొటో తీసింది.

"ఇంత సంతోషంగా ఉన్న గల్లీని నా సర్వీసులో చూడలేదండీ" అన్నాడు డానియేలు సారు జీపెక్కుతూ. "ఫిర్యాదు ఏమీ లేదని రాసేస్తాను."

జీపు పోయాక మనుషులు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. అంజన్ మాత్రం సీతారాం దగ్గరికొచ్చాడు. "అన్నా, పొద్దుగాల పోయేటప్పుడు స్వీటీ అడిగింది, సీతారాం తాత సారును తిడతడా అని. ఏం చెప్పాలె ఇంటికి పోయి? గాజులిచ్చి పంపిండని చెప్పాల్నా?"

లస్సీ ఇచ్చింది మీ అమ్మే కదా అనొచ్చు సీతారాం. అనలేదు. తలొంచుకుని దుకాణానికి పోయాడు. గాజుల దుకాణం నిండా అద్దాలే. ఎటు తిరిగినా ఒక అధ్యక్షుడు కనిపిస్తున్నాడు. ఏ ఒక్కడి మొహంలోనూ కళ లేదు. "నువ్వేం మనిషివిరా సీతారాం," అనుకున్నాడు, "మొక్క నాటితే బర్రె తినె, నీళ్లు పడితే ఇంజనీరు తాగె." అనుకుని తనే పగలబడి నవ్వాడు. గాజులు చూస్తున్న ఇద్దరు ఆడవాళ్లు ఏమీ కొనకుండానే లేచిపోయారు.

అసలు దెబ్బ తర్వాత పడింది. స్రవ్య పొద్దున రాసి పెట్టుకున్న పోస్టుకు ఆ ఫొటో తగిలించి వదిలేసింది. రాసిన మాటలు మార్చాలని గుర్తులేదు. చార్మినార్ దగ్గర నుంచి పురానాపూల్ దాకా అందరి ఫోన్లలోనూ అదే బొమ్మ: సీతారాం నవ్వుతూ ఎర్ర డబ్బా ఇస్తున్నాడు, ఇంజనీరు నవ్వుతూ పుచ్చుకుంటున్నాడు. కింద పెద్ద అక్షరాల్లో: "మా గల్లీ నీళ్ల సమస్యపై ఈ రోజు ఇంజనీరు గారికి గట్టిగానే ఇచ్చాం!"

సాయంత్రానికి పక్క దుకాణం సోమయ్య వచ్చి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "సేఠ్, మాది గూడ కరెంటు మీటరు పని ఒకటి ఉన్నది. గాజులతోని అయితదా, ముత్యాలు గావాల్నా?"

సీతారాం ఫోను తీసి చూసి, గల్లా పెట్టె మీద తల ఆనించాడు. "స్రవ్యా!" అని కూతురికి ఫోను చేశాడు. "తీసెయ్ బిడ్డా, గది తీసెయ్!"

"తీసేసిన డాడీ. కానీ పెద్దాఫీసోళ్లు అప్పటికే చూసిండ్రు. కింద ఒక ముక్క రాసిండ్రు కూడా."

"ఏమని?"

"వస్తున్నాం అని."

వాళ్లు చెప్పినట్టే వచ్చారు, అయితే చెప్పకుండా వచ్చారు. మళ్లీ నల్లా రోజు, ఇంకా పూర్తిగా తెల్లవారకముందే గల్లీ మొదట్లో ఒక కారు ఆగింది. పెద్దాఫీసు విచారణ విభాగం మేడం దిగింది. ముగ్గులు లేవు, పట్టుచీరలు లేవు. ఎవరూ నిద్ర మొహాలు కూడా కడుక్కోలేదు. మర్యాద చేయడానికి ఒక్కరికీ సమయం చిక్కలేదు. ఆమె ఎవరినీ పలకరించకుండా గల్లీ నల్లా దగ్గరికి పోయి, తను తెచ్చుకున్న సీసాలో నీళ్లు పట్టింది. వాసన చూసింది. సీసాను మొహానికి దూరంగా పట్టుకుంది.

"సీతారాం ఎవరు?"

బనీను, లుంగీతో బిందె పట్టుకుని వరసలో నిలబడ్డ సీతారాం బిందె దించి చెయ్యెత్తాడు.

"ఈ నీళ్లు బాగున్నాయని రాయడానికి ఎన్ని గాజులిచ్చారు?"

"గది లంచం గాదు మేడం. మర్యాద."

"మర్యాదా?"

సీతారాం అంతా చెప్పాడు. అద్దం, మఖ్మల్ గుడ్డ, ఏలకులు, లస్సీ, సబ్జా గింజలు. దాచకుండా ఉన్నదున్నట్టు చెబుతుంటే తన మాట తనకే నమ్మబుద్ధి కాలేదు. మేడం అంతా విని, "ఇంతకంటే మంచి అబద్ధం దొరకలేదా?" అంది.

అప్పుడు రుక్మాబాయి ముందుకొచ్చింది. ఆమె చేతిలో గ్లాసు లేదు, చంకలో స్వీటీ ఉంది. "నా మనవరాలి కండ్లు చూడు బిడ్డా" అంది. మేడం పిల్ల కనురెప్ప మెల్లగా కిందికి లాగి చూసి, ఫోను తీసి డానియేలు సారును నిద్ర లేపింది.

ఆ పూటే తవ్వకం మొదలైంది. డానియేలు సారు గడ్డం కూడా గీసుకోకుండా వచ్చి గుంత అంచున నిలబడ్డాడు. పసుపు నీళ్లు స్వయంగా చూసి సీతారాంవైపు తిరిగాడు. "ఒక్క గ్లాసు ఇవి ఇచ్చి ఉంటే అయిపోయేది కదండీ!" అన్నాడు దీనంగా.

రోడ్డు తవ్వినప్పుడు మోరీ పైపూ నల్లా పైపూ రెండూ పగిలి, ఒకదాని నీళ్లు ఇంకొకదాంట్లోకి పోతున్నాయని తేలింది. ఆ చోటు సరిగ్గా సీతారాం ఇంటి ముందు, రోడ్డు పూడ్చాక కొత్తగా వేయించిన నల్ల గ్రానైట్ మెట్ల కింద ఉంది. మెట్లు పగలగొడుతుంటే అతను గుండె రాయి చేసుకుని, "ఉద్యమమంటే త్యాగం ఉంటది" అన్నాడు. సుత్తి చప్పుడులో ఎవరికీ వినపడలేదు.

డానియేలు సారు మీద విచారణ నడిచింది గానీ ఎక్కువ దూరం పోలేదు. గాజులు ఆయన భార్య చేతికి ఎక్కలేదు, సైజు చిన్నదైంది. వాడనిది పుచ్చుకున్నట్టు కాదని తేల్చి, డబ్బా తిప్పి పంపించి, ఒక మందలింపుతో వదిలేశారు. ఆయన భార్య మాత్రం ఒక మధ్యాహ్నం లాడ్ బజార్‌కు వచ్చి, సరైన సైజులో అలాంటి సెట్టే బేరమాడి కొనుక్కుపోయింది. ఆయన దుకాణం బయటే నిలబడ్డాడు, లోపలికి రాలేదు.

కొత్త పైపులో తేట నీళ్లు వచ్చాయి. స్వీటీ కళ్లలో పచ్చదనం తగ్గి, మెల్లగా బడికి పోవడం మొదలుపెట్టింది. "సీతారాం తాత, సారును తిట్టినవా?" అని ఒకసారి అడిగింది. "తిట్టలేదు బిడ్డా, అంతకంటె పెద్ద పని చేసిన" అన్నాడు. అది ఏమిటో మాత్రం చెప్పలేదు.

ఒక ఆదివారం సమితి మళ్లీ కూర్చుంది. ఈసారి సమస్య వీధిదీపాలు. సీతారాం కొత్త ఉపన్యాసం తయారుచేసుకుని వచ్చాడు. గొంతు సవరించుకునేలోపే జహంగీర్ భాయ్ లేచాడు.

"బురా మత్ మానో సీతారాం భాయ్, కోపం చేసుకోకు. కరెంటు సాబ్‌ను గల్లీకి పిలిచి, ఖానా పెట్టి, ఫొటో దిగుడు మంచిగుంటది."

"చేపల పులుసు నేను వండుత" అంది రుక్మాబాయి.

"గాజులు ఏ సైజువి పెట్టాలె?" అన్నాడు అంజన్ శ్రద్ధగా.

గల్లీ అంతా ఏకగ్రీవంగా విజయలక్ష్మిని అధ్యక్షురాలిగా ఎన్నుకుంది. సీతారాంను మాజీ అధ్యక్షుడిగా గౌరవిస్తూ, సభకు కుర్చీలు వేయించే బాధ్యత అప్పగించారు.